మడతలో పడ్డ వియ్యపురాలు

మేడ మీది వాటా
ఆదివారం

వదినగారికి,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ గోడబొమ్మ చూసేదాకా ఇంకా క్షేమంగా ఉండేవాళ్ళం.

మా అబ్బాయికీ మీ అమ్మాయికీ పెళ్ళై ఏడాది నిండిందని మీరు స్వహస్తాలతో చేసి పంపిన కానుక నిన్న వాళ్ళింట్లో చూశాం. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా, సోఫా పైన, కిటికీ అంత ఉంది. తప్పించుకుందామన్నా దారి లేదు. "మా అమ్మే చేసింది అత్తయ్యా, పెళ్ళి ఫోటోని కాన్వాసు గుడ్డ మీదికి దింపింది" అని కోడలు మురిసిపోతూ చెప్పింది. దింపడమన్న మాట అతికినట్టు సరిపోయింది. అందరినీ వరదనీళ్ళలో నానబెట్టి ఒడ్డుకి దింపినట్టే ఉంది.

మా వాడి ముక్కు సగం లేదు. అది మా మామగారి ముక్కు. ఆ వంశంలో పంపకాలు లేకుండా అందరికీ అందిన ఆస్తి అదొక్కటే. మీరు దాన్ని కూడా కరగదీశారు. మగవాళ్ళ చొక్కా జేబులన్నీ కుడివైపుకి పోయాయి. చేతిగడియారాలు కుడి చేతికి ఎక్కాయి. వెనక పెళ్ళి హాలు బోర్డు చదవాలంటే గోడ అవతలికి వెళ్ళి చదవాలి.

ఇవన్నీ ఓర్చుకుందును. మా ఆయన సంగతి మీకు తెలుసు, ఏదైనా నిదానంగా చూస్తారు. చాలాసేపు చూసి, "ఇందులో నువ్వెక్కడే?" అన్నారు. వెతగ్గా వెతగ్గా దొరికాను. ఒక చెవీ, చేతిసంచి పట్టీ ముందువైపు ఉన్నాయి. మిగతా నేను చెక్క చట్రం పక్కకి మడతపడి ఉన్నాను. కిటికీ దగ్గర గోడకి చెంప ఆనించి చూస్తే కనిపిస్తాను. మా ఆయన అలాగే ఆనించి చూసి, "ఉన్నావులే, ఇక్కడ క్షేమంగానే ఉన్నావు" అన్నారు. కోడలు పగలబడి నవ్వింది. మా వాడు మాత్రం నవ్వలేదు.

నేను తపాలా కౌంటరులో జీవితమంతా పనిచేసిన మనిషిని. అడ్రసు మడతలో పడి చిరిగిపోయిన కవరు కూడా చేరాల్సిన ఇంటికి చేర్చాను. అటువంటి నన్నే మడతలో పడేశారు. దయచేసి ఆ బొమ్మ దింపించండి, లేదా ముక్కూ మనుషులూ ఉన్నది ఇంకొకటి చెయ్యండి.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారేమో. ఫోన్లో మీరు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వరు. కాగితానికి అడ్డం రాలేరు.

ఇట్లు,
చట్రం పక్కనుంచి,
మీ వియ్యపురాలు


కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది
శుక్రవారం

వదినగారికి నమస్కారం.

మీరు పూర్తి చేసిన వాక్యాలన్నీ చదివాను. మధ్యలో అడ్డం వచ్చి ఇన్నాళ్ళూ లోకానికి ఎంత మేలు చేశానో ఇప్పుడు తెలిసింది.

ముందు మీ కళ్ళ సంగతి. ఆ జోడు చేయించి ఎన్నేళ్ళైంది? ఈసారి వచ్చినప్పుడు కొట్టుకి రండి, చూపు పరీక్ష చేస్తాను. నా కొట్లో అక్షరాల పలక ముందు కూర్చున్నవాళ్ళు రెండు రకాలు. కనిపించకపోతే కనిపించలేదనేవాళ్ళు మొదటి రకం. కనిపించకపోతే పలక తప్పుగా రాశారనేవాళ్ళు రెండో రకం. మీరు ఏ రకమో నేను చెప్పక్కర్లేదు.

అది ఏ షాపులోనో ఇచ్చి అచ్చు కొట్టించుకొచ్చిన బొమ్మ కాదండీ. చట్రం మీద గుడ్డ బిగించి, దాని నిండా జిగురు పూసి, ఫోటో ప్రింటు బోర్లా అంటించి, ఒక్క గాలిబుడగ లేకుండా నొక్కి, రాత్రంతా ఆరనివ్వాలి. తర్వాత దాన్ని తడిపి, వెనకున్న కాగితాన్ని వేళ్ళతో రుద్దుతూ పొర పొరగా ఊడదియ్యాలి. కాగితం పోతుంది, రంగు గుడ్డకి మిగులుతుంది. ఆరాక మళ్ళీ తెల్లటి నూగు తేలుతుంది, మళ్ళీ తడిపి రుద్దాలి. కొట్టు మూశాక రోజూ అదే పని. నా వేలికొసలు అరిగిపోయాయి. మీ అబ్బాయి ముక్కు అరగడం మీకు కనిపించింది, నా వేళ్ళు అరగడం కనిపించలేదు.

ప్రింటు ఎడమ కుడి తిప్పి తీయించడం మరిచిపోయిన మాట నిజమే. అద్దంలో చూసుకున్నప్పుడు రోజూ అలాగే కనిపిస్తారు కదా, ఎప్పుడైనా అద్దానికి ఉత్తరం రాశారా?

ఇక మడత. అసలు ఫోటో మీ దగ్గర ఉందిగా, తీసి చూడండి. అందరూ భుజాలు రాసుకుంటూ నిలబడితే మీరు మాత్రం బారెడు దూరంలో, కౌంటరు ముందు జనం తోసుకొస్తున్నట్టు ముఖం పెట్టుకుని నిలబడ్డారు. "అమ్మగారూ, కొంచెం దగ్గరికి జరగండి" అని ఫోటో తీసేవాడు గొంతు పోయేలా అరిచాడు. మీరు జరిగారా? చట్రానికో కొలత ఉంటుంది. జరగనివాళ్ళు మడతలోకి పోతారు.

అంత తేలికనుకుంటే మీరే ఒకటి చేసి చూపించండి. అమ్మాయికి మాత్రం అది ప్రాణం.

మీ వియ్యపురాలు


మేడ మీది వాటా
వానలు పట్టుకున్న వారం

వదినగారికి,

మీ సవాలు నెల కిందటే అందింది. నేను చేతల మనిషిని కనుక చేశాకే రాస్తున్నాను.

చట్రం, గుడ్డ, జిగురు కొన్నాను. ఇంట్లో ఉన్న ప్రింటరు మీదే ఫోటో తీశాను, జేబులు ఎడమవైపే ఉండేలా తిప్పి మరీ తీశాను. మీరు రాసినట్టే అంటించాను, ఆరబెట్టాను, తడిపాను. తడపగానే మా వాడు నీలంగా కారడం మొదలుపెట్టాడు. మీ అమ్మాయి ఎర్రగా ఒలికి వాడి చొక్కా మీదికి పోయింది. ఇద్దరూ కలిసి ఊదారంగు మడుగయ్యారు. మా ఆయన వచ్చి చూసి, "ఇది పెళ్ళి ఫోటోనా, ప్రమాదం ఫోటోనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

దీన్నిబట్టి మీ పద్ధతిలోనే మూలంలో లోపం ఉందని తేలింది. మీరు వాడిన జిగురు ఏమిటో రాయండి. నేర్చుకోవడానికి కాదు, ఏది వాడకూడదో తెలియడానికి. రుద్దడం గుండ్రంగా రుద్దాలా, నిలువునా? అది కూడా అందుకే.

పిల్లలు కులాసాగానే ఉన్నారు. మా వాడికి ఆఫీసులో పని ఎక్కువైంది, మాటలు తగ్గాయి. అమ్మాయి సంగతి మీకు తెలిసే ఉంటుంది.

మీ వియ్యపురాలు


కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది
సోమవారం

వదినగారికి నమస్కారం.

ఆడలేక మద్దెల ఓడన్నారట. ఇంట్లో ప్రింటరు సిరా నీళ్ళకి నిలుస్తుందా? తపాలా ముద్ర వాన తగిలితే ఏమవుతుందో అన్నేళ్ళు చూసిన మీకు నేను చెప్పాలా? బయట దుకాణంలో లేజరు ప్రింటు తీయించండి, మామూలు పల్చటి కాగితం మీద. జిగురు తెల్లటిది, ఆరితే పారదర్శకమయ్యేది, చిక్కగా, సమంగా పుయ్యాలి. రుద్దడం గుండ్రంగా, వేలి మెత్తతో, గోరు తగలకుండా. ముఖాల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఇంకా తేలిక చెయ్యాలి. కొంచెం నూగు మిగిలినా పరవాలేదని వదిలెయ్యడం తెలియాలి. మొత్తం నా ఇష్టప్రకారం శుభ్రం చేస్తానని పట్టుబడితే కాగితంతోపాటు మనిషీ ఊడొస్తాడు. ఇది మీ స్వభావానికి కుదిరే పని కాదు. అయినా రాశాను.

ఇక్కడ అంతా కులాసా. అమ్మాయి నా బొమ్మని రోజూ చూస్తూనే ఉంది. దానికి ఆస్పత్రిలో డ్యూటీలు అస్తమానం మారుతున్నాయి, వేళకి ఇంట్లో ఉండదు. కాబట్టి చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళి తాళం చూసి రాకండి. అల్లుడుగారిని అడిగానని చెప్పండి.

మీ వియ్యపురాలు


మేడ మీది వాటా
బుధవారం

వదినగారికి,

వచ్చింది. నా స్వభావానికి కుదరని పని నా చేతుల్లో కుదిరింది. జేబులు ఎడమనున్నాయి, బోర్డు ఇవతలినుంచే చదవొచ్చు. మా ఆయన ఈసారి నన్ను వెతకలేదు. ఎదుటే ఉన్నాను.

ఇంకో మాట. వద్దన్నారు కదా, అందుకే మొన్న ఆదివారం పిల్లలింటికి వెళ్ళాం. తాళమేమీ లేదు. ఇద్దరూ ఉన్నారు. కోడలు టీ పెట్టింది, మా వాడు పక్కనే నిలబడి కప్పులు అందించాడు. ఏదో జోకు వేసుకుని ఇద్దరూ నవ్వుకున్నారు కూడా, నాకు వినపడలేదు. చక్కటి కాపురం. చూడ్డానికి ఇబ్బంది పెట్టింది మీ బొమ్మ ఒక్కటే. సోఫా పైన ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఎవరూ పట్టించుకునేలా లేరని నేనే స్టూలెక్కి సరిచేశాను. ఈ వయసులో మీ పనితనం కోసం స్టూలెక్కాల్సి వచ్చింది. గుర్తుపెట్టుకోండి.

మీ వియ్యపురాలు


కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది

వదినగారూ,

మీరు స్టూలెక్కి సరిచేసిన బొమ్మ ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఖాళీ డబ్బాల మీద, గోడకి ఆనించి. వానలు పట్టుకున్న వారంలో మా అమ్మాయి దాన్ని దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెచ్చింది. ఇంకో చేతిలో ఒక్క సూట్‌కేసు ఉంది. "కొన్నాళ్ళుంటానమ్మా" అంది. అప్పటినుంచీ ఇక్కడే ఉంది. ఆస్పత్రికి ఇక్కణ్ణుంచే వెళ్ళొస్తోంది.

అది బొమ్మని రోజూ చూస్తోందని రాశాను, అబద్ధం కాదు. ఎక్కడ కూర్చుని చూస్తోందో రాయలేదు, అంతే. మీరు మాత్రం లేని ఇంట్లో, లేని గోడకి, లేని స్టూలు వేసుకుని ఎక్కారు. టీ కూడా తాగొచ్చారు. ఇన్నాళ్ళూ మీకు ఊహాశక్తి లేదనుకున్నాను, క్షమించండి.

అబ్బాయి ఎక్కడున్నాడు? మీ పక్క గదిలోనేనా?

మీ...
ఏమని రాయను?


మేడ మీది వాటా
ఆదివారం

వదినగారికి,

అవును. పక్క గదిలోనే.

అదే వారంలో వచ్చాడు. "ఆ ఇల్లు ఖాళీ చేశాం" అని ఒక్క ముక్క చెప్పి తలుపేసుకున్నాడు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. మీకు తెలియదేమోనని ఒకసారి, తెలిసి నా నోటితో చెప్పించాలని చూస్తున్నారేమోనని ఒకసారి అనుకున్నాను. ముందు ఎవరు ఒప్పుకుంటే వాళ్ళ బిడ్డదే తప్పని ముద్ర పడిపోతుంది కదా. అందుకే స్టూలెక్కాను.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి రాస్తాను, వినండి. నోరు అచ్చం మీదే. మా వాడి ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చినప్పుడు అందరి ముందూ, "ఈయన నాతో మాట్లాడాలంటే నేను ముందు అర్జీ పెట్టుకోవాలి, నెలకి పాస్ అవుతుంది" అందట. అందరూ నవ్వారట. ఆ తర్వాత వీడు వారాల తరబడి నోరు విప్పలేదు. అది ఇంకా ఎక్కువ వెక్కిరించింది. వీడు ఇంకా బిగుసుకుపోయాడు. ఇంత చెప్పించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"మరి నువ్వేమన్నావురా?" అన్నాను.

"ఏమీ అనలేదు."

"ఎందుకనలేదు? కోపం వస్తే అరవొచ్చు కదా, నోరు లేదా?"

వాడు నా వంక చూసి, "మనింట్లో ఎవరం ఎప్పుడు అరిచామమ్మా? నీకు కోపమొస్తే నాన్నతో ఎన్నాళ్ళు మాట్లాడేదానివి కాదు?" అన్నాడు.

మా ఆయన పేపరు చదువుకుంటున్నారు. పేపరు దించకుండానే, "మీ ఇద్దరు ఆడవాళ్ళూ తిట్టుకున్నట్టు వాళ్ళిద్దరూ తిట్టుకుని ఉంటే కాపురం నిలిచేదేమో" అన్నారు. ఇన్నేళ్ళ సంసారంలో ఆయన అన్న పెద్ద మాట అదే. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అంటే మళ్ళీ మాట్లాడటం మానేశాననే కదా.

నా బొమ్మ వచ్చిందని రాసింది మాత్రం నిజం. కానీ పూర్తిగా రాయలేదు. మా వాడి ముఖం దగ్గర నూగు కొంచెం కూడా ఉండకూడదని రుద్దుతూ పోయాను. మీరు చెప్పినట్టే అయింది, కాగితంతోపాటు వాడూ ఊడొచ్చాడు. మెడ మీద తెల్లటి గుడ్డ మిగిలింది. నేను వచ్చాను, ఎందుకొచ్చానా అనిపించే ముఖంతో. మీ అమ్మాయి దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలిసిపోయి తేలిగ్గా ఆనించి వదిలేశాను. ఆ పిల్ల చెక్కుచెదరకుండా వచ్చింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఈ ఇంట్లో ఆ నవ్వుని ఎక్కడ పెట్టను? వాడి గది ఎదుట తగిలించలేను. అటక మీద పడెయ్యడానికి చేతులు రావడం లేదు. మీరు కన్న పిల్లే కదా, మీరే చెప్పండి.

ఒక ఉపాయం ఉంది. మీ బొమ్మ తెమ్మని వాణ్ణి శనివారం మీ కొట్టుకి పంపుతాను. అమ్మాయిని ఎక్కడికీ కదలనివ్వకండి.

మీ వియ్యపురాలు


కళ్ళజోళ్ళ కొట్టు, వెనక గది
చలి మొదలైన వారం

నమస్కారం.

ఇంతకాలం ఎందుకు రాయలేదో మీకు తెలుసు. మీ అబ్బాయి ఇంటికొచ్చి ఎంత చెప్పి ఉంటాడో కూడా ఊహించగలను. అందుకే ఆ శనివారం సంగతి నేనే రాస్తున్నాను.

వచ్చాడు. కౌంటరుకి బారెడు దూరంలో నిలబడ్డాడు. అమ్మాయి ఎదురుగా ఉంది. "కళ్ళజోడు కావాలా, బొమ్మ కావాలా?" అంది. వాడు గోడ మీది అక్షరాల పలక వంకే చూస్తూ ఉండిపోయాడు. నాకు ఒళ్ళు మండి, చేతిలో ఉన్న అద్దం పగలగొట్టుకున్నాను. అప్పుడు, "నాకు చాలా కోపంగా ఉంది" అన్నాడు. గట్టిగానే అన్నాడు. కొట్లో చూపు పరీక్షకి కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి, "నేనేం చేశానయ్యా?" అన్నాడు. మా అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. నవ్వు ఆపుకోవడం నేను దాని దగ్గర మొదటిసారి చూశాను. "చెప్పు, వింటాను" అంది.

ఇద్దరూ బయటికెళ్ళారు. కొట్టు మూసే వేళకి తిరిగొచ్చారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. పెళ్ళైనప్పటినుంచీ అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదలట. అరుచుకున్నారట, ఏడ్చుకున్నారట, ఒకరి మాట ఒకరు చివరిదాకా విన్నారట. విని, విడిపోదామని తేల్చుకున్నారు. మీ ఉపాయం పనిచేసింది వదిన... పనిచేసిందండీ. మనం కోరినట్టు పనిచెయ్యలేదు.

బొమ్మ ఇద్దరూ తీసుకోలేదు. గుడ్డ విప్పి మడిచి పెట్టాను. చట్రం మాత్రం గట్టిది, ఉంచాను.

మీ ఉత్తరం అమ్మాయికి చదివి వినిపించాను, నోటి గురించి రాసింది కూడా. "అబద్ధమేం కాదు" అంది. తన బొమ్మ గురించి అడిగితే, "అత్తయ్యనే ఉంచుకోమను. నవ్వు ఎక్కువైందనిపిస్తే గోడవైపుకి తిప్పమను" అంది. ఇంకా అత్తయ్యనే అంటోంది, నేను దిద్దలేదు.

సోమవారం ఇద్దరూ విడాకుల అర్జీ మీద సంతకాలు పెట్టారు. ఇక పద్ధతి ప్రకారం మీకూ నాకూ ఏ చుట్టరికమూ మిగలదు. పైన మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక ఖాళీగా వదిలేశాను. తిట్టడానికి కూడా ఒక వరస ఉండాలి కదా. మన ఉత్తరాలు ఇక్కడితో ఆపెయ్యడమే మర్యాద.

అన్నయ్యగారికి నమస్కారాలు. ఆయన్నైనా అలా పిలవొచ్చో లేదో.


మేడ మీది వాటా
మీ ఉత్తరం అందిన సాయంత్రం

వదినగారికి,

పిలుపు లేని ఉత్తరం అందుకోవడం నా జీవితంలో ఇదే మొదలు. ఏ పద్ధతి, ఎవరి పద్ధతి? మర్యాద గురించి మీరు నాకు చెప్పడం ఈ ఏడాది జరిగిన వింతల్లోకెల్లా పెద్ద వింత.

కోడలి బొమ్మ వంటింట్లో పెట్టాను. చట్రం విప్పి, అది ఉన్న ముక్క వరకే కత్తిరించి, చిన్న చట్రానికి బిగించాను. మూలలు మీకంటే బాగా మడిచాను. వాడు అన్నానికి వస్తూ చూశాడు. తియ్యమనలేదు. కూర్చుని తిన్నాడు.

నిన్న వాడు నా మీద అరిచాడు. తుపాను జల్లు కొడుతుంటే కిటికీ తెరిచి పెట్టానని, వాడి పుస్తకాలు తడిసిపోయాయని, ఇల్లంతా వినపడేలా అరిచాడు. ముందు తలుపేసుకుని కూర్చుందామనుకున్నాను, అలవాటు కదా. తర్వాత నేనూ అరిచాను. పుస్తకాలు కిటికీలో పెట్టిందెవడ్రా అన్నాను. చాలాసేపు అరుచుకున్నాం. మా ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, కచేరీకొచ్చినవాడిలా కూర్చున్నారు. చివరికి వాడే కిటికీ వేసి, నాకు టీ పెట్టి తెచ్చాడు. ఈసారి టీ నిజమే.

ఇక చుట్టరికం మాట. కోర్టు కాగితం వాడి బల్ల మీద ఉంటే తీసి చదివాను. భాష అధ్వాన్నం, అచ్చుతప్పులు సరేసరి. కింద సంతకాలు రెండే ఉన్నాయి. ఒకటి మా వాడిది, ఒకటి మీ అమ్మాయిది. వాళ్ళు విడిపోయారు, వాళ్ళిష్టం. నన్నెవరూ సంతకం అడగలేదు, నేనెక్కడా పెట్టలేదు. మీరు పెట్టారా?

జవాబులో పైన పిలుపు సరిగ్గా రాయండి.

ఇట్లు,
మీ వదిన